ట్రినిటీ గట్ల మధ్య రాని రోడ్డు

డాలస్ నడిబొడ్డున, ఎత్తయిన భవనాలకు పడమటి పక్కన, కార్లకు ప్రవేశం లేని వంతెన ఒకటుంది. ఒకప్పుడు దాన్ని కాంటినెంటల్ అవెన్యూ వంతెన అనేవారు. 2014లో నగరం దాన్ని పార్కుగా మార్చి పాదచారులకు, సైకిళ్లకు, పిల్లల ఆటలకు అప్పగించింది. ఇప్పుడు దాని పేరు రోనాల్డ్ కర్క్ వంతెన. పక్కనే 2012లో తెరిచిన మార్గరెట్ హంట్ హిల్ వంతెన 400 అడుగుల తెల్లటి ఉక్కు కమానుతో నిలబడి ఉంటుంది. స్పెయిన్ వాస్తుశిల్పి శాంటియాగో కలత్రావా గీసిన వంతెన అది. ఊరు చూడటానికి వచ్చినవాళ్లు ఫొటోలు తీసుకునేది దాన్నే. ఈ చోటి కథ మాత్రం వంతెనల కింద ఉంది.

కింద ఉన్నది ట్రినిటీ నది. ఏడాదిలో ఎక్కువ రోజులు మట్టిరంగు నీళ్లతో సన్నగా పారుతుంది. దానికి రెండు వైపులా విశాలమైన గడ్డి మైదానం, ఆ మైదానానికి అటూ ఇటూ ముప్పై అడుగుల ఎత్తు మట్టి కరకట్టలు. గట్టుకూ గట్టుకూ మధ్య దూరం రెండు వేల అడుగులు దాటుతుంది. మొత్తం విస్తీర్ణం రెండు వేల ఎకరాలకు పైనే. గోదావరి జిల్లాల వాళ్లకు ఈ నేల స్వభావం విడమరిచి చెప్పనక్కర్లేదు. ఏటిగట్టుకూ ఏటికీ నడుమ ఉండే లంక భూమి లాంటిదిది. పది నెలలు పచ్చగా, ఖాళీగా, మనదే అన్నట్టు కనిపిస్తుంది. ఏరు పొంగిన రోజున ఎవరిదో తెలిసిపోతుంది.

ఈ నేల మీద, కరకట్టల లోపల, నగరం వైపు గట్టును ఆనుకుని దాదాపు తొమ్మిది మైళ్ల టోల్ ఎక్స్‌ప్రెస్‌వే వేయాలని డాలస్ పెద్దలు రెండు దశాబ్దాల పాటు పట్టుబట్టారు. ప్రజలు ఓటు వేసి ఒకసారి అవునన్నారు. ఇంకోసారి ఆపమంటే ఆపక్కర్లేదన్నారు. కేంద్ర ప్రభుత్వ అనుమతి కూడా వచ్చింది. అయినా ఆ రోడ్డు రాలేదు. 2017 ఆగస్టు 9న నగర కౌన్సిల్ 13-2 ఓట్లతో దాన్ని రద్దు చేసింది.

డాలస్ అనగానే మనకు గుర్తొచ్చేవి ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో. తెలుగువాళ్లు వేల సంఖ్యలో స్థిరపడిన శివార్లు అవి. ఆ శివార్ల బతుకంతా టోల్ రోడ్ల మీదే నడుస్తుంది. డాలస్ నార్త్ టోల్‌వే, జార్జ్ బుష్ టర్న్‌పైక్, శామ్ రేబర్న్ టోల్‌వే. కారు అద్దానికి టోల్ ట్యాగ్ అంటించుకోకుండా అక్కడ ఉద్యోగానికి వెళ్లడం కష్టం. రోడ్డంటే అభివృద్ధి, టోలంటే దాని ఖరీదు అన్న లెక్క అక్కడ ఎవరినీ ఇబ్బంది పెట్టదు. అలాంటి ప్రాంతంలో ఒక టోల్ రోడ్డు జనం అడ్డుకోవడం వల్ల ఆగిపోయిందంటే, ఎందుకో తెలుసుకోవాలి.

ముందు నది సంగతి. 1841లో జాన్ నీలీ బ్రయన్ అనే వ్యాపారి ఇక్కడ గుడిసె వేసుకున్నాడు. ట్రినిటీని తేలిగ్గా దాటగల రేవు ఇదే అవడంతో ఊరు పుట్టింది. ఊరు పెరిగింది, నది మాత్రం ఎప్పట్లాగే పొంగుతూ వచ్చింది. 1908 మేలో నీటిమట్టం 52 అడుగులు దాటింది. పడమటి ఒడ్డున ఉన్న ఓక్ క్లిఫ్ తెగిపోయింది, వేల మంది నిరాశ్రయులయ్యారు. అదే ఏడాది సెప్టెంబరు 28న మన మూసీ పొంగి హైదరాబాదును ముంచింది, వేల ప్రాణాలు పోయాయి. ఒకదాని పేరు ఒకటి విని ఉండని రెండు ఊళ్లు నాలుగు నెలల తేడాలో మునిగి, అదే ప్రశ్న వేసుకున్నాయి. హైదరాబాదు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన ఎగువన జలాశయాలు కట్టి వరదను అక్కడే ఆపమన్నాడు. అలా వచ్చినవే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్. డాలస్ ఎంచుకున్న దారి వేరు. నగర ప్రణాళికా నిపుణుడు జార్జ్ కెస్లర్ 1911లో కరకట్టలు కట్టమని సూచించాడు. 1920ల చివర్లో పని మొదలై, నదినే పడమటికి జరిపారు. వంకర టింకరగా పారే ట్రినిటీకి తిన్నని కొత్త కాలువ తవ్వి, రెండు వైపులా గట్లు పోశారు. పాత ఏరు పారిన చోట గోదాములు, కర్మాగారాలు వెలిశాయి.

ఆ ఇంజినీరింగ్ గొప్పదే. ఆనాటి నుంచి ఊరి నడిబొడ్డు పెద్ద వరదను చూడలేదు. కానీ ఊరికీ నదికీ ఉన్న బంధం ఆ రోజే తెగిపోయింది. ముప్పై అడుగుల గట్టు వెనక ఏముందో చూడకుండానే డాలస్‌లో పుట్టి పెరిగినవాళ్లు ఎంతోమంది. కంటికి కనిపించని చోటు గనక, అక్కడ ఏం పెట్టినా ఎవరూ అడగరనే నమ్మకం నగర పాలకుల్లో పాతుకుపోయింది. అవతలి ఒడ్డున వెస్ట్ డాలస్ ఉంది. సీసం కరిగించే కర్మాగారం 1984లో మూతపడేదాకా అక్కడి మట్టిని, పిల్లల రక్తాన్ని విషం చేసింది. మెక్సికన్ మూలాలున్న కార్మిక కుటుంబాలు, నల్లజాతి కుటుంబాలు అక్కడ ఎక్కువ. గట్టు నదినీ దాచింది, వాళ్లనూ దాచింది.

నది మీద డాలస్‌కు మొదటి నుంచీ పెద్ద కలలే. మెక్సికో సింధుశాఖ దాకా ట్రినిటీ పొడవు దాదాపు 710 మైళ్లు. దాన్ని ఓడల కాలువగా మార్చాలని తరాల పాటు ప్రయత్నించారు. 1973లో ఆ కాలువకు నిధుల కోసం నదీ పరీవాహకంలోని కౌంటీల్లో ఓటింగ్ పెడితే జనం తిరస్కరించారు. నెడ్ ఫ్రిట్జ్ లాంటి పర్యావరణవాదులు, అలన్ స్టీల్‌మన్ లాంటి యువ రాజకీయ నాయకులు ఆ పోరాటంలో ముందు నిలిచారు. టోల్ రోడ్డు గొడవను అర్థం చేసుకోవాలనుకునేవాళ్లు ఈ పాత ఓటును గుర్తుపెట్టుకోవాలి. ట్రినిటీ మీద కోట్ల ఖర్చుతో పథకం తెచ్చి, దానివల్ల ఊరు బాగుపడుతుందని చెప్పి, చివరికి ఓటర్ల ముందు నిలబడాల్సి రావడం డాలస్‌కు కొత్త కాదు.

ఇక 1998. ఆ ఏడాది మేలో నగరం బాండ్ల ఎన్నిక పెట్టింది. అందులో ట్రినిటీ పథకానికి 24.6 కోట్ల డాలర్లు. మేయర్ రాన్ కర్క్. డాలస్ ఎన్నుకున్న తొలి నల్లజాతి మేయర్ ఆయన. పైన చెప్పిన పాదచారుల వంతెనకు పెట్టింది ఆయన పేరే. ప్రచార చిత్రాల్లో గట్ల మధ్య చెరువులు, వాటి మీద తెరచాప పడవలు, ఒడ్డున నడిచే కుటుంబాలు కనిపించాయి. వరద రక్షణ, చెరువులు, అడవి సంరక్షణతో పాటు ట్రినిటీ పార్క్‌వే పేరిట ఒక రోడ్డు కూడా పథకంలో ఉంది. నగరం తన వాటాగా 8.4 కోట్లు పెడుతుంది, మిగతాది టోల్ రూపంలో వస్తుంది. కానీ బ్యాలెట్ కాగితం మీద టోల్ ప్రస్తావన లేదు. పథకం స్వల్ప ఆధిక్యంతో గట్టెక్కింది. చెరువుల కోసం ఓటు వేశాం, రోడ్డు దొరికింది అని తర్వాత వేలాది మంది అన్నారంటే కారణం ఇదే.

రోడ్డును సమర్థించినవాళ్ల వాదన తేలిగ్గా తీసేయాల్సింది కాదు. డౌన్‌టౌన్ పక్కన రెండు పెద్ద ఫ్రీవేలు కలిసే చోట ట్రాఫిక్ నిత్యం పీకల్లోతు. ఆగ్నేయ డాలస్ నుంచి వాయవ్యాన ఉన్న ఆస్పత్రులు, కార్యాలయాల దాకా నేరుగా పోయే దారి లేదు. దక్షిణ డాలస్‌లో ఎక్కువగా నల్లజాతి కుటుంబాలు ఉంటాయి, ఉద్యోగాలు మాత్రం ఉత్తరాన ఉంటాయి. ఆ వాడల నాయకుల్లో కొందరు ఈ రోడ్డును గట్టిగా సమర్థించారు. వాళ్ల వాడను చీలుస్తూ పోయే ఎస్.ఎం. రైట్ ఫ్రీవే ఉండేది. ప్రమాదాలకు పేరుమోసిన మలుపు ఉన్న రోడ్డు అది. టోల్ రోడ్డు వస్తే ఆ ఫ్రీవేను తీసేసి మామూలు వీధిగా మార్చవచ్చన్నది లెక్క. ప్రాంతీయ రవాణా ప్రణాళికా విభాగం అధిపతి మైకేల్ మోరిస్ ఈ రోడ్డుకు చివరిదాకా అండగా నిలిచారు.

సమర్థకుల చేతిలో ఇంకో వాదం కూడా ఉంది. చెరువులు తవ్విన మట్టితో రోడ్డుకు మెరక పోస్తారు, రోడ్డుకు మట్టి కావాలి కాబట్టే చెరువులు వస్తాయి. అంటే రోడ్డు లేకపోతే చెరువులకు డబ్బు లేదు. పార్కు కావాలంటే రోడ్డును భరించాలి. వినడానికి ఇచ్చి పుచ్చుకున్నట్టే ఉంటుంది. కానీ గట్టు మీద నిలబడి ఊహించుకుంటే అసలు బేరం కనిపిస్తుంది. ఊరి వైపు నుంచి పార్కులోకి దిగాలంటే ముందు ఆరు వరుసల వేగ రహదారిని దాటాలి. ఒక గట్టు చాలదన్నట్టు నదికీ ఊరికీ మధ్య రెండో అడ్డు. వరద వచ్చినప్పుడు మునగకుండా ఆ రోడ్డుకు మళ్లీ రక్షణ గోడలు. వరద నీళ్ల కోసమే వదిలిన చోటులో నీళ్లను రాకుండా ఆపే కట్టడం!

ఈ మాటను నలుగురి ముందు అనగలిగిన నగర కౌన్సిల్ సభ్యురాలు ఏంజెలా హంట్. 2005లో ఎన్నికయ్యారు, తూర్పు డాలస్ ప్రతినిధి. పథకం పత్రాలు చదివి, కరకట్టల లోపల వేగ రహదారి వద్దని బహిరంగంగా చెప్పారు. కౌన్సిల్‌లో తోడు దొరకలేదు. 2007లో ఓటర్ల సంతకాలు సేకరించి రిఫరెండం తెప్పించారు. వేసవి ఎండలో కిరాణా దుకాణాల ముందు, గ్రంథాలయాల ముందు పెన్నూ కాగితం పట్టుకుని నిలబడి సేకరించిన సంతకాలు. కావాల్సిన సంఖ్య దాటింది. డాలస్ అబ్జర్వర్ వారపత్రిక కాలమిస్టు జిమ్ షుట్జ్ ఏళ్ల తరబడి ఈ రోడ్డు మీద రాస్తూనే ఉన్నారు. అవతల మేయర్ టామ్ లెపర్ట్, వ్యాపార ప్రముఖులు, వాళ్ల ప్రచార నిధులు.

ఆ ఓటింగ్‌లో ఒక చిక్కుంది, దాన్ని చెప్పకుండా 2007ను అర్థం చేసుకోలేం. గట్ల లోపల నాలుగు వరుసలకు, గంటకు 35 మైళ్ల వేగానికి మించిన రోడ్డు ఉండకూడదా అన్నది ప్రశ్న. అంటే రోడ్డు వద్దనుకునేవాళ్లు అవునని ఓటెయ్యాలి, కావాలనుకునేవాళ్లు కాదని ఓటెయ్యాలి. రోడ్డు వద్దు గనక వద్దని గుద్దినవాళ్లు ఎందరో లెక్కగట్టలేం. నవంబరు 6న ఫలితం వచ్చింది. 53 శాతం రోడ్డు వైపు, 47 శాతం హంట్ వైపు. ఓడిపోయారు. పెద్ద మేయరు, పెద్ద డబ్బు, పెద్ద వ్యాపారులు ఒక పక్కన నిలబడ్డా, ఊళ్లో దాదాపు సగం మంది రెండో పక్కన ఉన్నారు. నా దృష్టిలో ఆ రోడ్డు నిజంగా ఆగింది ఆ రోజే. గెలిచినవాళ్లు మాత్రం ఆ సంగతి పదేళ్ల తర్వాత గ్రహించారు.

మొదటి దెబ్బ నేల నుంచే వచ్చింది. న్యూ ఆర్లియన్స్‌ను ముంచిన కత్రినా తుపాను తర్వాత అమెరికా సైన్యపు ఇంజినీర్ల దళం దేశమంతటా కరకట్టలను కొత్త కళ్లతో పరిశీలించింది. 2009లో డాలస్ గట్లకు ఇచ్చిన రేటింగ్ ‘ఆమోదయోగ్యం కాదు’. గట్ల కింద ఇసుక పొరలున్నాయన్న ఆందోళన బయటికి వచ్చింది. ఊరిని కాపాడాల్సిన గట్లకే హామీ లేనప్పుడు, వాటి ఒడిలో స్తంభాలు పాతి, మెరకలు పోసి రోడ్డు వేయడమేమిటన్న ప్రశ్న ఇక హంట్ ఒక్కరిది కాలేదు. ఆ గట్లు పాతవి కావడంతో చారిత్రక కట్టడాలుగా గుర్తింపు పొందే వీలుంటే రోడ్డుకు మరో అడ్డంకి. ఆ ప్రమాదం తప్పించడానికి 2010లో అమెరికా కాంగ్రెస్ ఒక బడ్జెట్ చట్టంలో ప్రత్యేక మినహాయింపే పెట్టింది. ఒక ఊరి మట్టిగట్టు కోసం దేశ పార్లమెంటు చట్టం రాసిందంటే, రోడ్డు వెనకున్న పట్టుదల ఎంతో అర్థమవుతుంది.

రెండో దెబ్బ డబ్బు. అంచనా వ్యయం 130 కోట్ల డాలర్లు దాటి పైకే పోతోంది. టోల్ వసూలు చేయాల్సిన నార్త్ టెక్సాస్ టోల్‌వే అథారిటీ అప్పటికే 2007లో ఇంకో రోడ్డు హక్కుల కోసం దాదాపు 320 కోట్ల డాలర్లు చెల్లించింది. ఆ రోడ్డే ఈనాటి శామ్ రేబర్న్ టోల్‌వే. ఫ్రిస్కో, ప్లేనో తెలుగు కుటుంబాలు రోజూ టోల్ కట్టి తిరిగేది దాని మీదే. శివార్ల రోడ్డు వేగంగా పెరిగే ఇళ్ల మధ్య నుంచి పోతుంది కాబట్టి ఖర్చు తిరిగి వస్తుంది. ట్రినిటీ రోడ్డు వరద గోడల ఖర్చుతో పుడుతుంది, దాని టోల్‌తో అది బతకదు. ఆ లోటు ఎవరు పూడుస్తారో రోడ్డు కావాలన్నవాళ్లు ఎన్నడూ చెప్పలేదు.

2015 వచ్చేసరికి పథకం కాగితాల మీద గెలిచింది. ఏప్రిల్‌లో కేంద్ర రహదారుల సంస్థ తుది ఆమోదం ఇచ్చింది. అదే నెలలో, వాంకూవర్ మాజీ ప్రణాళికాధికారి ల్యారీ బీస్లీ నేతృత్వంలోని నిపుణుల బృందం ఇంకో బొమ్మ గీసి ఇచ్చింది. నాలుగు వరుసలు, మెల్లని మలుపులు, పార్కులోకి దిగే దారులు. మేయర్ మైక్ రాలింగ్స్ దాన్ని స్వాగతించారు. కానీ చట్టపరమైన ఆమోదం వచ్చింది ఆరు వరుసల పాత నమూనాకే. ముందు నాలుగు వేసి తర్వాత ఆరు చేస్తారని జనం అనుమానించారు. ఆ అనుమానం న్యాయమైనదే, ఎందుకంటే అనుమతి కాగితంలో అదే ఉంది. ఈ పథకానికి 2003లో గీసిన ప్రణాళికకు పని చేసినవారిలోనూ కొందరు అప్పటికి రోడ్డు వద్దనే వైపు చేరారు.

అదే వసంతంలో వానలు విపరీతంగా కురిశాయి. మే నెలాఖరుకు గట్ల మధ్య మైదానం మొత్తం నీళ్లలో మునిగింది. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒకటే జలాశయం. వంతెనల మీద నిలబడి జనం గుంపులుగా చూశారు. రోడ్డు ఎక్కడ వేస్తామన్నారో అక్కడే నీళ్లు తిరుగుతున్నాయి. ఇంజినీర్లు లెక్కల్లో చెప్పేదాన్ని నది ఆ వారం అందరి కళ్లకూ కట్టించింది. ఆ మేలోనే జరిగిన కౌన్సిల్ ఎన్నికల్లో రోడ్డును వ్యతిరేకించేవాళ్ల బలం పెరిగింది. ఓక్ క్లిఫ్ నుంచి స్కాట్ గ్రిగ్స్, తూర్పు డాలస్ నుంచి ఫిలిప్ కింగ్‌స్టన్ అప్పటికే కౌన్సిల్‌లో ఉండి పోరాడుతున్నారు. 2007లో ఒంటరిగా వినిపించిన గొంతు పదేళ్లకు కౌన్సిల్ మెజారిటీ అయింది. 2017 ఆగస్టులో రద్దు తీర్మానం వచ్చేసరికి అడ్డుపడినవాళ్లు ఇద్దరే.

ఈ పోరాటాన్ని గెలిపించిందెవరని అడిగితే ఒక్క పేరు చెప్పలేం. హంట్ 2013లో కౌన్సిల్ నుంచి తప్పుకున్నారు. రోడ్డు రద్దయిన రోజు ఆమె ఓటు లేదు. సంతకాలు సేకరించినవాళ్లు, వెయ్యి పేజీల పర్యావరణ నివేదికలు చదివిన మామూలు మనుషులు, సమావేశాల్లో మూడేసి నిమిషాలు మాట్లాడి వెనక్కి వెళ్లి కూర్చున్నవాళ్లు, ఓడిపోయాక కూడా అదే మాట మళ్లీ మళ్లీ చెప్పినవాళ్లు. ఆలస్యమే వాళ్ల ఆయుధం. ఆలస్యమైన ప్రతి ఏడాదీ ఖర్చు పెరిగింది, గట్ల నిజం బయటపడింది, నది ఒకసారి పొంగింది.

రోడ్డు పోయిన తర్వాత ఆ నేల ఏమైంది? 2016లోనే ఆనెట్ సిమన్స్ తన దివంగత భర్త హెరాల్డ్ సిమన్స్ పేరిట పార్కు కోసం 5 కోట్ల డాలర్ల విరాళం ప్రకటించారు. రెండు వందల ఎకరాల పార్కు ప్రణాళిక అది. 2018లో కేంద్రం నుంచి గట్ల బలోపేతానికి, నీరు తోడే పంపు కేంద్రాలకు నిధులు వచ్చాయి. కింది వైపు ఆరు వేల ఎకరాల గ్రేట్ ట్రినిటీ అడవి ఉంది. అందులో ఒకప్పుడు దొంగచాటుగా చెత్త పోసిన చోట 2008లో ఆడబన్ పక్షి కేంద్రం తెరిచారు. అన్నీ చక్కగా జరిగాయనడం కుదరదు. పడవల వాళ్ల కోసం 2011లో కట్టిన కృత్రిమ అలల ప్రవాహానికి 40 లక్షల డాలర్లు పోసి, మామూలు పడవలకు ప్రమాదమని తేలాక 2018లో తీసేశారు. నదిని ఏదో ఒకటి చేయాలనే తొందర ఇంకా పోలేదు.

వెస్ట్ డాలస్ మీద ఒత్తిడి వేరే రూపంలో వచ్చింది. కలత్రావా వంతెన ఊరిని గట్టు అవతలికి దగ్గర చేసింది. దాని మొగలో రెస్టారెంట్లు, అపార్ట్‌మెంట్లు లేచాయి. లా బహాడా లాంటి పాత వాడల్లో పన్నులు, అద్దెలు పెరుగుతున్నాయి. రోడ్డు రాకపోవడంతో పార్కు విలువ పెరిగింది. ఆ పార్కు పక్కన ఇన్నాళ్లూ బతికినవాళ్లకు అక్కడే ఉండే హక్కు దక్కాలంటే మరో పోరాటం కావాలి.

హైదరాబాదులోనూ మూసీ వెంట ఎక్స్‌ప్రెస్‌వే, ఎత్తైన కారిడార్ల ప్రతిపాదనలు ఏళ్లుగా వస్తూ పోతూ ఉన్నాయి. మూసీ పక్కన ఇళ్లకు గుర్తులు పెట్టిన 2024లో జనం రోడ్డెక్కారు. డాలస్‌లో రోడ్డు వేయాలనుకున్న చోట ఇళ్లు లేవు. మూసీ ఒడ్డున ఉన్నాయి, తరాలుగా ఉన్నాయి. కాబట్టి డాలస్ పరిష్కారాన్ని తెచ్చి ఇక్కడ అతికించలేం. అక్కడి నుంచి తీసుకోదగ్గది ఒకటుంది. పథకం కాగితాల్ని మొదటి రోజే జనం చేతిలో పెట్టడం, అవునూ కాదూ తెలిసేలా ప్రశ్న అడగడం.

ఎస్.ఎం. రైట్ ఫ్రీవేను టోల్ రోడ్డుతో నిమిత్తం లేకుండానే తీసేసి మామూలు వీధిగా మార్చారు. అంటే ఒకటి వస్తేనే రెండోది కుదురుతుందన్న వాదన నిలబడలేదు. కానీ దక్షిణ డాలస్ నుంచి వాయవ్యాన ఉన్న ఆస్పత్రిలో షిఫ్టుకు వెళ్లే మనిషి ప్రయాణం ఈ గొడవ మొదలైనప్పుడు ఎంత కష్టంగా ఉందో ఇప్పుడూ దాదాపు అంతే. రోడ్డును ఆపినవాళ్లలో చాలామంది ఉత్తర, తూర్పు డాలస్ వాళ్లు. ఈ మనిషికి బస్సో, రైలో, దగ్గర్లో ఉద్యోగమో చూపించే బాధ్యత కూడా వాళ్లదే. దాని కోసం సంతకాలు సేకరించే ఉద్యమం ఇంకా మొదలు కావాలి.